విధి ముందే నిర్ణయిస్తే వీరుడికి మిగిలేదేమిటి: ఇలియడ్ నుంచి ఈనియడ్ దాకా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్‌లో ఎవరు చనిపోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది, దాన్ని దేవతలు కూడా మార్చలేరు, చెరో పక్షం పట్టి యుద్ధాన్ని మాత్రం నడిపిస్తుంటారు, అలాంటప్పుడు గ్రీకు వీరుడు అకిలీజ్, ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ వంటివారు చేసినదాన్ని వీరత్వమని ఎందుకనాలి? వర్జిల్ రాసిన ఈనియడ్ హోమర్‌కు రోమన్ అనుకరణ మాత్రమేనా? కొత్తగా చదవాలనుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకచోటే దొరుకుతుందని నా అభిప్రాయం. హోమర్‌లో విధి మనిషి చావును తన చేతిలో ఉంచుకుని, ఆ చావును ఎలా ఎదుర్కోవాలన్నది మనిషికే వదిలేస్తుంది. వీరత్వానికి చోటు దొరికేది అక్కడే. వర్జిల్ విధికి ఒక గమ్యం ఉంది, ఆ గమ్యం రోము. అది వీరుణ్ణి చావమని అడగదు, తన ఇష్టాలన్నీ వదులుకుని బతకమని అడుగుతుంది. ఈ తేడాను గమనించకుండా చదివితే ఈనియడ్ నాయకుడు ఈనియస్ చప్పగా, హోమర్ వీరులకు వెలిసిపోయిన నకలులా కనిపిస్తాడు. చాలామంది పాఠకులు అతణ్ణి అలా చూసి పుస్తకం సగంలో మూసేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

అకిలీజ్ గురించి అందరికీ ఎంతోకొంత తెలుసు కాబట్టి సార్పెడాన్‌తో మొదలుపెడతాను. ఇతడు లిసియా రాజు, ట్రాయ్‌కు సాయంగా దూరదేశం నుంచి సేనతో వచ్చినవాడు, దేవతల రాజైన జ్యూస్‌కు మానవ స్త్రీ వల్ల పుట్టిన కొడుకు. 12వ సర్గలో, గ్రీకులు తమ ఓడలకు రక్షణగా కట్టుకున్న గోడ మీదికి దాడి చేయబోతూ తన మేనమామ కొడుకు గ్లాకస్‌ను ఒక ప్రశ్న అడుగుతాడు. మన దేశంలో మనకు గౌరవ పీఠాలు, మేలైన మాంసం, నిండు మధుపాత్రలు, గ్జాంథస్ నది ఒడ్డున తోటలూ గోధుమ పొలాలూ ఎందుకిచ్చారు? ముందు వరుసలో నిలబడి పోరాడతామనే కదా? తిన్న ఉప్పుకు రుణం తీర్చాలన్న ఈ మాట ఏ రాజైనా చెప్పేదే. దాని తర్వాత వచ్చేది అసలు విషయం. ఈ యుద్ధం తప్పించుకుంటే ముసలితనమూ చావూ లేకుండా ఎప్పటికీ బతుకుతామని ఉంటే, నేనూ ముందు వరుసలో పోరాడను, నిన్నూ పొమ్మనను అంటాడు. కానీ చావు వేయి రూపాల్లో మన చుట్టూ నిలబడే ఉంది, దాన్నుంచి ఏ మనిషీ తప్పించుకోలేడు, కాబట్టి పద, మనం ఎవడికో కీర్తి ఇద్దాం, లేదా ఎవడో మనకు ఇస్తాడు.

మీ ప్రశ్నకు హోమర్ ఇచ్చిన సూటి సమాధానం ఇదే. చావు ఖాయం కాకపోతే వీరత్వమే ఉండదని సార్పెడాన్ వాదన. దీన్ని కవి దేవతల ద్వారా మరోవైపు నుంచి కూడా చూపిస్తాడు. 5వ సర్గలో డయొమీడీజ్ అనే గ్రీకు యోధుడు యుద్ధదేవుడైన ఆరెస్‌నే ఈటెతో పొడుస్తాడు. ఆరెస్ తొమ్మిది పదివేల మంది సైనికులు ఒక్కసారి అరిచినంత గట్టిగా అరిచి, ఒలింపస్‌కు పోయి తండ్రి దగ్గర ఫిర్యాదు చేసుకుంటాడు. దేవవైద్యుడు మందు రాయగానే గాయం మానిపోతుంది, స్నానం చేసి కొత్త బట్టలు కట్టుకుని జ్యూస్ పక్కన దర్జాగా కూర్చుంటాడు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి యుద్ధం అంతకంటే బరువుగా ఉండదు. అదే రణరంగంలో చనిపోయే మనుషుల సంగతి వేరు. 4వ సర్గలో అజాక్స్ చేతిలో కూలిన సిమోయిసియస్ అనే కుర్రాడు కథలో మళ్లీ కనిపించడు, అతని వల్ల కథ మలుపు తిరగదు. అయినా కవి అక్కడ ఆగుతాడు. తల్లి తన అమ్మానాన్నలతో కలిసి మందలను చూడడానికి ఐడా కొండ దిగి వస్తూ సిమోయిస్ నది ఒడ్డున ఇతణ్ణి కన్నదని, అందుకే ఆ పేరు పెట్టారని, పెంచిన తల్లిదండ్రుల రుణం తీర్చుకునే వ్యవధి ఇతనికి దొరకలేదని చెప్పి, ఆ తర్వాతే ఈటె కుడి రొమ్ములో దిగి భుజం మీదుగా బయటికి వచ్చిందని చెబుతాడు. ఇలియడ్ యుద్ధాన్ని కీర్తించే కావ్యమని అనేవారు ఇలాంటి పంక్తులను దాటేసి చదివారేమో అనిపిస్తుంది.

ఇక దేవతలు విధిని మార్చలేరన్న మీ మాటకు చిన్న సవరణ అవసరం. 16వ సర్గలో సార్పెడాన్ అకిలీజ్ ప్రాణస్నేహితుడు పట్రోక్లస్‌కు ఎదురుపడతాడు, అతని గడువు తీరింది. జ్యూస్ పైనుంచి చూస్తూ, కొడుకును ఆ రణం నుంచి ఎత్తి లిసియా పొలాల్లో సజీవంగా దించేయనా అని భార్య హీరాను అడుగుతాడు. నీవల్ల కాదని ఆమె అనదు. కావాలంటే చెయ్యి, కానీ మిగిలిన దేవతలం మెచ్చుకోం, రేపు ప్రతి దేవుడూ తన కొడుకును ఇలాగే తప్పించాలని చూస్తాడు అంటుంది. అంటే మార్చే శక్తి ఉండొచ్చు, మారిస్తే లోకపు కట్టు తెగిపోతుంది. జ్యూస్ ఒప్పుకుని, కొడుకు గౌరవార్థం నేలమీద రక్తపు చినుకులు కురిపిస్తాడు. తర్వాత నిద్ర, మృత్యువు అనే కవల సోదరులు శవాన్ని ఎత్తుకుని లిసియాకు చేరుస్తారు. ఈ ఘట్టాన్ని ఏథెన్స్ చిత్రకారుడు యూఫ్రోనియస్ క్రీ.పూ. 515 ప్రాంతంలో ఒక పెద్ద మధుపాత్ర మీద గీశాడు, అది ఇప్పుడు ఇటలీలోని చెర్వెటెరిలో ఉంది. రెక్కలున్న ఆ ఇద్దరూ వంగి, భారీ శరీరాన్ని ఎత్తడానికి పడే శ్రమ ఆ బొమ్మలో స్పష్టంగా తెలుస్తుంది. విధిని అనుమతించినందుకు దేవతల రాజుకు మిగిలింది అంత్యక్రియల ఏర్పాటు మాత్రమే.

అకిలీజ్ విషయంలో విధి ఇంకా తెరిచి ఉంటుంది. తల్లి థెటిస్ అతనికి రెండు దారులు చెప్పింది: ట్రాయ్ దగ్గరే ఉండి పోరాడితే ఇంటికి తిరిగి వెళ్లడు గానీ నశించని కీర్తి దక్కుతుంది, ఇంటికి వెళ్లిపోతే కీర్తి పోతుంది గానీ దీర్ఘాయువు ఉంటుంది. ఇది అందరూ ఉదహరించే మాటే. కానీ 9వ సర్గలో అకిలీజ్ దీన్ని ఏ సందర్భంలో చెబుతాడో గమనించాలి. గ్రీకు సేనాధిపతి అగమెమ్నాన్ అకిలీజ్‌కు దక్కిన బహుమానాన్ని లాక్కున్నాక, రాయబారులు కానుకల పెద్ద జాబితాతో వచ్చినప్పుడు, వెళ్లిపోతానంటూ చెబుతాడు. పిరికివాడికీ ధీరుడికీ ఒకే గౌరవం దక్కుతున్నప్పుడు పోరాటం ఎందుకు, పశువులనూ గుర్రాలనూ కొల్లగొట్టి తెచ్చుకోవచ్చు, పళ్ల వరుస దాటి బయటికి పోయిన ప్రాణాన్ని మాత్రం తెచ్చుకోలేం అంటాడు. సార్పెడాన్ నమ్మిన ఒప్పందాన్నే ఆ కావ్యపు మహావీరుడు ప్రశ్నిస్తున్నాడు. చివరికి అతడు యుద్ధంలోకి తిరిగి వచ్చేది కీర్తి మీద ఆశతో కాదు. పట్రోక్లస్ చనిపోయాడు. హెక్టర్‌ను చంపితే వెంటనే నీ చావు వస్తుందని తల్లి ఏడుస్తూ చెబితే, స్నేహితుడు చనిపోతుంటే ఆదుకోలేకపోయాను, ఇప్పుడే చావనీ అంటాడు. రెండు దారుల్లో ఒకదాన్ని విధి అతని మీద రుద్దలేదు. దుఃఖంలోనే అయినా తానే ఎంచుకున్నాడు.

ఇక్కడ మన పాఠకులకు ఉద్యోగపర్వంలోని కర్ణుడు గుర్తుకొస్తాడు: గెలుపు పాండవులదేనని కృష్ణుడితో తానే చెప్పి, అయినా దుర్యోధనుణ్ణి విడవనివాడు. ఆ పోలిక కొంతదూరమే నిలుస్తుంది. కర్ణుడి చావు వెనుక శాపాలున్నాయి, వాటి వెనుక అతను చేసిన పనులున్నాయి. మనం విధి అనగానే మనసులో కర్మ అనే లెక్కల పుస్తకం తెరుచుకుంటుంది. హోమర్‌లో అలాంటి పద్దు లేదు. 24వ సర్గలో అకిలీజ్ చెప్పే మాట చూడండి: జ్యూస్ గడపలో రెండు జాడీలు ఉంటాయి, ఒకదానిలో కష్టాలు, మరొకదానిలో మేళ్లు. కొందరికి రెండూ కలిపి ఇస్తాడు, కొందరికి కష్టాలే ఇస్తాడు. ఎందుకిలా అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వడు. మనిషి తన మూర్ఖత్వంతో విధికి మించిన కష్టాలు తెచ్చుకోవడం కూడా ఉందని హోమర్ మరో కావ్యం ఒడిస్సీ మొదట్లోనే జ్యూస్ చెబుతాడు, అది వేరే సంగతి. కారణం చెప్పని విధి కింద ఒక మనిషి మరో మనిషిని ఎలా చూడాలన్నదే ఇలియడ్ చివరి సర్గల విషయం.

హెక్టర్ వద్దకు వస్తాను, ఎందుకంటే వర్జిల్‌కు వెళ్లే దారి ఇతని మీదుగానే ఉంది. 6వ సర్గలో యుద్ధం మధ్యలో నగరంలోకి వచ్చిన హెక్టర్‌కు స్కీయన్ ద్వారం దగ్గర భార్య ఆండ్రోమకీ ఎదురవుతుంది. ఆమె తండ్రినీ ఏడుగురు అన్నదమ్ములనూ అకిలీజే చంపాడు. నాకు తండ్రివీ తల్లివీ తోబుట్టువువీ నువ్వే, బయటికి పోకు అంటుంది. హెక్టర్ ఆమెకు అబద్ధపు ధైర్యం చెప్పడు. పవిత్రమైన ట్రాయ్, రాజైన నా తండ్రి ప్రియమ్, ప్రియమ్ ప్రజలు నశించే రోజు వస్తుందని నా మనసుకు తెలుసు అంటాడు. తర్వాత బిడ్డను ఎత్తుకోబోతే, కంచు కవచాన్నీ శిరస్త్రాణం మీద ఊగే గుర్రపు వెంట్రుకల కుచ్చునూ చూసి ఆ పసివాడు జడుసుకుని దాది గుండెకు అతుక్కుపోతాడు. తల్లిదండ్రులిద్దరూ నవ్వుతారు. హెక్టర్ శిరస్త్రాణం తీసి, మెరుస్తున్న దాన్ని నేలమీద పెట్టి, బిడ్డను ముద్దాడి, చేతుల్లో ఎగరేసి, వీడు తండ్రిని మించినవాడని జనం అనుకోవాలని దేవతలను ప్రార్థిస్తాడు. శిరస్త్రాణం నేలమీద ఉన్న ఆ కాసేపు ఇతడు ఉత్త తండ్రి. మళ్లీ దాన్ని పెట్టుకునే ముందు, గడువు కాకుండా నన్నెవడూ చంపలేడు, గడువు వస్తే పిరికివాడూ ధీరుడూ ఎవడూ తప్పించుకోలేడు అని భార్యను ఓదారుస్తాడు. విధి అతనికి బెదిరింపు కాదు, ఒక ఊరట.

22వ సర్గలో ఆ గడువు వచ్చినప్పుడు హెక్టర్ మొదట పారిపోతాడు. హోమర్ దీన్ని దాచడు. ట్రాయ్ గోడ చుట్టూ మూడుసార్లు పరుగు సాగుతుంది, దారిలో రాతి తొట్లున్న ఊటలు వస్తాయి, గ్రీకులు రాకముందు శాంతికాలంలో ట్రాయ్ ఆడవాళ్లు అక్కడ బట్టలు ఉతుక్కునేవారని కవి ఆ పరుగు మధ్యలోనే చెబుతాడు. నాలుగోసారి ఊటల దగ్గరికి వచ్చేసరికి జ్యూస్ బంగారు త్రాసు ఎత్తుతాడు, హెక్టర్ పళ్లెం కిందికి దిగుతుంది, అంతవరకు కాపాడిన దేవుడు అపోలో వదిలి వెళ్లిపోతాడు. గ్రీకుల పక్షాన ఉన్న దేవత అథీనా తమ్ముడి రూపంలో మోసం చేసి హెక్టర్‌ను నిలబెడుతుంది. ఈటె విసిరి, రెండోది అందుకోవడానికి తిరిగితే పక్కన తమ్ముడు లేడు. తనను దేవతలు చావుకు పిలిచారని హెక్టర్‌కు అప్పుడు అర్థమవుతుంది. ఇక తప్పదు, కానీ పోరాడకుండా, పేరు లేకుండా పోను, రాబోయేవారు వినదగిన పని ఒకటి చేసే పోతాను అని కత్తి దూస్తాడు. ఆ క్షణంలో అతని వీరత్వం వల్ల ఏదీ మారదు. నగరం నిలవదు, తాను బతకడు. విధి అన్నీ తీసుకున్నాక కూడా మనిషి దగ్గర మిగిలే ఆ ఒక్కటి అక్కడ బయటపడుతుంది, అందుకే మీ మొదటి ప్రశ్నకు ఆ దృశ్యాన్నే జవాబుగా చూపిస్తాను.

కావ్యం అక్కడితో ముగియకపోవడం హోమర్ గొప్పతనం. ముసలి ప్రియమ్ రాత్రివేళ అకిలీజ్ గుడారానికి వచ్చి, తన కొడుకులను చంపిన ఆ చేతులనే ముద్దాడి, నీ తండ్రిని గుర్తుచేసుకో అంటాడు. ఇద్దరూ ఏడుస్తారు, ఒకడు హెక్టర్ కోసం, ఒకడు తండ్రి కోసమూ పట్రోక్లస్ కోసమూ. అంత్యక్రియలకు ఎన్ని రోజులు కావాలని అకిలీజ్ అడుగుతాడు. తొమ్మిది రోజులు శోకం, పదోరోజు దహనం, పదకొండోరోజు సమాధి, తప్పదంటే పన్నెండోరోజు యుద్ధం అని ప్రియమ్ చెబుతాడు. అకిలీజ్ ఆ గడువు ఇచ్చి మాట నిలుపుకుంటాడు. 15,600కు పైగా పంక్తులున్న ఇలియడ్ హెక్టర్ అంత్యక్రియలతో ఆగిపోతుంది. అకిలీజ్ చావూ, గ్రీకులు దాక్కుని ట్రాయ్‌లోకి చొరబడిన చెక్కగుర్రమూ అందులో లేవు, గుర్రం కథ వివరంగా కావాలంటే ఈనియడ్ 2వ సర్గకే వెళ్లాలి.

రెండు కావ్యాలకూ మధ్య వంతెన ఇలియడ్‌లోనే ఉంది. 20వ సర్గలో ట్రాయ్ వీరుడు ఈనియస్ అకిలీజ్ చేతిలో చావబోతుంటే, గ్రీకుల పక్షాన ఉన్న సముద్రదేవుడు పొసైడన్ అతణ్ణి ఎత్తి దూరంగా వేస్తాడు. కారణం: ఈనియస్ బతకాలని విధి, అతని కొడుకులూ మనవలూ ట్రోజన్లను ఏలాలి. హోమర్ వీరుల్లో విధి బతుకు రాసిపెట్టినవాడు ఇతడు. క్రీ.పూ. 70లో ఉత్తర ఇటలీలోని మాంటువా దగ్గర పుట్టిన వర్జిల్ తన కావ్యానికి ఈ మనిషిని ఎంచుకున్నాడు. అతని యౌవనమంతా రోమన్ల అంతర్యుద్ధాలతో గడిచింది. ఫిలిప్పై యుద్ధం తర్వాత విశ్రాంత సైనికులకు ఇవ్వడానికి మాంటువా ప్రాంతంలో రైతుల పొలాలు లాక్కున్నారు. క్రీ.పూ. 31లో ఆక్టియమ్ దగ్గర ఆంటొనీ, క్లియోపాత్రా ఓడాక, తర్వాత అగస్టస్ అయిన ఆక్టేవియన్ ఒక్కడే మిగిలాడు. ఇంత రక్తం దేనికోసం అన్న ప్రశ్న ఆ తరానికి పుస్తకాల్లోది కాదు. క్రీ.పూ. 19లో చనిపోయేదాకా వర్జిల్ ఈ కావ్యం రాస్తూనే ఉన్నాడు. అసంపూర్తిగా ఉన్నందున కాల్చేయమన్నాడని, అగస్టస్ ఒప్పుకోక వేరియస్, టుక్కా అనే మిత్రుల చేత ప్రకటింపజేశాడని పాత జీవితచరిత్ర చెబుతుంది.

ఈనియడ్‌లో విధి అంటే రోము ఏర్పడడం. 1వ సర్గలోనే జూపిటర్, అంటే రోమన్ల జ్యూస్, తన కూతురూ ఈనియస్ తల్లీ అయిన వీనస్‌కు ఆ భవిష్యత్తు విప్పి చెబుతాడు: రోమన్లకు కాలపు హద్దూ లేదు, భూమికి హద్దూ లేదు, అంతం లేని అధికారం ఇచ్చాను. అది విన్న తల్లికి ఊరట దొరుకుతుంది, మోయాల్సిన కొడుకుకు మాత్రం ఆ మాట వినపడదు. అతని మొదటి మాటలు తుపానులో వస్తాయి: ట్రాయ్ గోడల కింద, తండ్రుల కళ్లెదుట చనిపోయినవాళ్లు ఎంత అదృష్టవంతులు! అంటే సార్పెడాన్, హెక్టర్ పొందిన చావు తనకెందుకు దక్కలేదని ఏడుస్తున్నాడు. ట్రాయ్ తగలబడిన రాత్రి కలలో హెక్టర్ కనిపించి పారిపొమ్మన్నా, మొదట ఆయుధాలే అందుకుంటాడు, పోరాడి చావడం ఎంత బాగుంటుందో అనే ఆలోచనే మెదులుతుంది. హోమర్ పద్ధతిలో అయితే అది సరైన ముగింపు. వర్జిల్ అతణ్ణి చావనివ్వడు. తండ్రిని భుజాన మోసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని బయటపడితే, వెనక వచ్చే భార్య క్రూసా తప్పిపోతుంది. ఇలాంటి వీరుడు అంతకుముందు లేడు: బతికి ఉండడమే ఇతనికి విధించిన కష్టం.

ఆ విధికి అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించింది కార్తేజ్ రాణి డైడో. ఆమె దగ్గర స్థిరపడిన ఈనియస్‌కు దేవదూత మెర్క్యురీ వచ్చి ఇటలీని గుర్తుచేస్తాడు. ఆమె నిలదీసినప్పుడు, ఇటలీకి నా ఇష్టంతో పోవడం లేదు అంటాడు ఈనియస్. నిజమే చెప్పాడు, కానీ ఆమెను కాపాడడానికి ఆ నిజం చాలలేదు. నా ఎముకల్లోంచి పగ తీర్చుకునేవాడు పుట్టాలి అని శపించి ఆమె ప్రాణం తీసుకుంటుంది. రోమన్ పాఠకులకు ఆ వచ్చినవాడు రోము మీద దండెత్తిన కార్తేజ్ సేనాని హానిబాల్ అని వెంటనే తెలుస్తుంది. 6వ సర్గలో పాతాళంలో ఈనియస్ ఏడుస్తూ పలకరిస్తే ఆమె నేలచూపులు చూసి, మాట్లాడకుండా వెళ్లిపోతుంది. విధి పేరు చెప్పి ఎవరినైనా వదిలివెళ్లినవాడికి క్షమ తప్పనిసరిగా దొరుకుతుందని వర్జిల్ ఎక్కడా చెప్పలేదు. కార్తేజ్ మాట వచ్చింది కాబట్టి చరిత్రలోని ఒక సంగతి: క్రీ.పూ. 146లో రోమన్ సేనాని స్కిపియో ఎమిలియానస్ ఆ నగరం తగలబడుతుంటే చూసి కన్నీరు పెట్టుకుని, ట్రాయ్ నశించే రోజు వస్తుందన్న హోమర్ పంక్తులు చదివాడట. పక్కనున్న చరిత్రకారుడు పోలిబియస్ అడిగితే, ఏదో ఒకరోజు రోముకూ ఇదే గతి పడుతుందేమోనని భయమన్నాడు. అంతం లేని అధికారమని జూపిటర్ చేత అనిపించిన కవికి ఈ సంప్రదాయం తెలియకుండా ఉండి ఉంటుందని నేననుకోను.

8వ సర్గలో దేవతల కమ్మరి వల్కన్ ఈనియస్‌కు చేసిన డాలు మీద రోము భవిష్యత్తంతా, ఆక్టియమ్ యుద్ధంతో సహా, చెక్కి ఉంటుంది. ఈనియస్‌కు అవేమిటో తెలియదు. బొమ్మలు చూసి సంతోషించి, తన సంతతి కీర్తినీ విధినీ భుజానికెత్తుకుంటాడు. అప్పుడు తండ్రిని మోసిన భుజం మీదికి ఇప్పుడు మనవల భారం వచ్చింది. ఇలా తరాల మధ్య ఇరుక్కున్న మనిషిని 12వ సర్గలో ఒకసారి దగ్గరగా చూడండి. గాయం మాని తిరిగి యుద్ధానికి పోతూ కొడుకు అస్కేనియస్‌ను దగ్గరికి తీసుకుంటాడు. హెక్టర్ చేసినట్టు శిరస్త్రాణం తీయడు. దాని సందులోంచే పెదవులు తాకీతాకనట్టు ముద్దుపెట్టి, ధైర్యాన్నీ నిజమైన శ్రమనూ నా నుంచి నేర్చుకో, అదృష్టాన్ని ఇతరుల నుంచి నేర్చుకో అంటాడు. వర్జిల్ ఇక్కడ హోమర్‌ను మక్కీకి మక్కీ గుర్తుచేసి, ఒక్క వివరం మార్చాడు. ఉత్త తండ్రిగా ఉండే ఆ కాసేపు కూడా ఈనియస్‌కు దొరకదు. అనుకరణేనా అని అడిగారు కదా, నా దృష్టిలో ఆ ఒక్క మార్పే జవాబు.

యుద్ధ సర్గల్లో ఇలాంటి జవాబులు ఇంకా ఉన్నాయి. 10వ సర్గలో ఈనియస్ మిత్రుడైన ఇవాండర్ రాజు ఏకైక కొడుకు పల్లాస్, ఇటలీలో ఈనియస్‌కు ప్రత్యర్థి అయిన టర్నస్‌ను ఎదుర్కోబోతూ హెర్క్యులీజ్‌ను ప్రార్థిస్తాడు, దేవుడు సాయపడలేక ఏడుస్తాడు. జూపిటర్ ఓదారుస్తాడు: ప్రతివాడికీ తన రోజు ఒకటి నిలిచి ఉంది, ఆయువు చిన్నది, పోతే రాదు, చేతలతో కీర్తిని పొడిగించుకోవడమే ధీరుడి పని. ట్రాయ్ గోడల కింద దేవతల కొడుకులు ఎందరో పడిపోయారు, నా కొడుకు సార్పెడాన్ కూడా. ఇలియడ్‌లో ఏడ్చిన ఆ తండ్రే ఇప్పుడు మరొకరికి ధైర్యం చెబుతున్నాడు. చంపాక టర్నస్ ఆ కుర్రాడి నడుముపట్టీ ఊడదీసుకుంటాడు. తర్వాత ఈనియస్ చేతిలో, తండ్రికి అడ్డుపడిన కుర్రాడు లాసస్ చనిపోతాడు. ఆ పాలిపోయిన ముఖం చూసి ఈనియస్ నిట్టూర్చి, ఆయుధాలు ఊడదీయకుండా శవాన్ని తన చేతులతో ఎత్తుతాడు. ఇతడు గొప్పవాడని నేను నమ్మేది ఆ చోట.

ముగింపు మాత్రం కఠినంగా ఉంటుంది. జూపిటర్ త్రాసు ఎత్తుతాడు. ట్రోజన్లను ద్వేషించే అతని భార్య జూనోతో రాజీ కుదిరింది: ట్రాయ్ పేరూ భాషా పోవాలి, లాటిన్ల పేరూ భాషా నిలవాలి. టర్నస్ తొడకు గాయమై మోకాళ్ల మీద పడి, ఓటమి ఒప్పుకుంటాడు. మనం పోటీపడిన రాకుమారి లవీనియా నీ భార్యే, నీకూ యాంకైసీస్ అనే తండ్రి ఉండేవాడు, నా ముసలి తండ్రి డానస్‌ను చూసి జాలిపడు, పగను ఇంకా సాగదీయకు అంటాడు. ప్రియమ్ అకిలీజ్‌తో అన్న మాట మళ్లీ వినిపిస్తుంది. ఈనియస్ చెయ్యి ఆగుతుంది. అప్పుడు టర్నస్ భుజం మీద పల్లాస్ నడుముపట్టీ కనబడుతుంది. కోపంతో రగిలిపోయి, ఈ దెబ్బ కొట్టేది పల్లాస్ అని కత్తి రొమ్ములో దించుతాడు. లొంగినవారిని కాపాడు, గర్విష్ఠులను అణచు అని పాతాళంలో తండ్రి చెప్పిన రోమన్ ధర్మం అతని చెవిన పడకుండా పోలేదు. టర్నస్ గడువు తీరిందన్నది విధి మాటే, పల్లాస్ తండ్రి ఇవాండర్ పగ తీర్చమని అడిగిన మాటా నిజమే. కానీ ఆ కోపాన్ని ఏ దేవుడూ ఆజ్ఞాపించలేదు. కావ్యమంతా తన ఇష్టాన్ని అణచుకున్న మనిషి చివరి పంక్తుల్లో తనంతట తాను చేసిన పని అది. అకిలీజ్ కోపంతో మొదలై జాలితో ముగిశాడు, ఈనియస్ జాలి దగ్గర ఆగి కోపంతో ముగిశాడు. టర్నస్ ప్రాణం మూలుగుతూ, రోషంతో నీడల్లోకి పోయిందన్నది ఆఖరి పంక్తి. ఇలియడ్‌లో పట్రోక్లస్‌కూ హెక్టర్‌కూ హోమర్ ఒకే పంక్తులు వాడాడు, తన గతికి ఏడుస్తూ యౌవనాన్ని వదిలి పోయిన ప్రాణం అని. వర్జిల్ తన పంక్తిని టర్నస్ పక్షాన పోరాడిన యోధురాలు కెమిల్లాకూ, టర్నస్‌కూ వాడాడు, ఇద్దరూ రోము పుట్టడానికి అడ్డొచ్చినవారే. దీన్ని అగస్టస్ స్తుతి అని కొట్టిపారేసే విమర్శకులతో నేను ఏకీభవించను, రోమును తప్పుపట్టడమే కవి ఉద్దేశమనే వారితోనూ పూర్తిగా ఏకీభవించలేను. ఆ నగరం అవసరమని నమ్మినవాడే దాని ఖర్చును ఇంత నిజాయితీగా రాయగలడు.

వర్జిల్ తర్వాత సుమారు ఎనభై ఏళ్లు గడిచేసరికి ఆ నమ్మకమూ పోయింది. నీరో కాలంలో 25 ఏళ్లకే బలవంతపు ఆత్మహత్యతో క్రీ.శ. 65లో చనిపోయిన లూకన్, సీజర్, పాంపీల అంతర్యుద్ధం మీద రాసిన కావ్యంలో కథ నడిపే దేవతలను తీసేశాడు. గెలిచిన పక్షం దేవతలకు నచ్చింది, ఓడిన పక్షం సీజర్‌ను ఎదిరించిన కేటోకు నచ్చింది అన్న అతని పంక్తిలో వీరుడు విధికి లొంగడు, దాని తీర్పుతో విభేదిస్తాడు.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు: ఇలియడ్‌ను 1వ సర్గ నుంచే మొదలుపెట్టండి, కానీ 2వ సర్గలో వచ్చే ఓడల జాబితాను మొదటిసారి దాటేసినా నష్టం లేదు. తొందర ఉంటే 1, 6, 9, 16, 18, 22, 24 సర్గలు వరుసగా చదివితే కథా ఆలోచనా రెండూ అందుతాయి. ఈనియడ్‌లో 1, 2, 4, 6 సర్గల దగ్గర చాలామంది ఆగిపోతారు, అలా ఆగకండి. 8, 10, 12 సర్గలు చదవకపోతే అసలు యుద్ధాన్ని చూడనట్టే. వీలైతే ఇలియడ్ 24వ సర్గ పూర్తయిన రోజునే ఈనియడ్ 12వ సర్గ చివరి వంద పంక్తులు కూడా చదవండి. ప్రియమ్ మాటలు చెవిలో ఉండగానే టర్నస్ మాటలు వింటే, వర్జిల్ ఎక్కడ హోమర్ చెయ్యి వదిలాడో మీకే తెలుస్తుంది.